సంపాదకుల సంఘంలో స్వచ్ఛంద సేవకు గుర్తింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరు ప్రాంతాల్లో పుస్తకాలకూ పత్రికలకూ ప్రతులు దిద్దడం వృత్తిగా పెట్టుకున్నవారు కలిసి నడుపుకుంటున్న మా సంఘంలో జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరూ లేరు. సభ్యత్వ రిజిస్టరు రాయడం దగ్గర నుంచి కార్యశాలకు కుర్చీలు తెప్పించడం దాకా ప్రతి పనీ ఎవరో ఒకరు తమ ఆదివారాన్ని వదులుకుంటేనే జరుగుతుంది. ఆ సేవను సంఘం ఏ విధంగా గుర్తిస్తుందని కొత్త సభ్యులు అడిగే ప్రశ్నలకూ, పాత సభ్యులు కాస్త నిష్ఠూరంగా అడిగే ప్రశ్నలకూ జవాబులు ఇక్కడ రాసి ఉంచుతున్నాము.

ఏయే పనులను స్వచ్ఛంద సేవగా లెక్కిస్తారు?

సంఘం అడిగినందువల్ల గానీ, సంఘానికి ముందుగా తెలియజేసి గానీ, ప్రతిఫలం తీసుకోకుండా చేసిన పని ఏదైనా స్వచ్ఛంద సేవే. కార్యశాలలో పాఠం చెప్పడం, సభకు అధ్యక్షత వహించడం, వక్తను పరిచయం చేయడం వంటి వేదిక మీది పనులు అందరికీ గుర్తుంటాయి కాబట్టి వాటి గురించి మాకు పెద్దగా బెంగ లేదు. బెంగంతా కనిపించని పనుల గురించే. ఏ మాటను ఎలా రాయాలో చూపే మా వర్ణక్రమ పట్టిక పాత అను ఫాంట్లలో, అంటే యూనికోడ్‌తో పొసగని పాత తెలుగు ఫాంట్లలో ఉండేది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు చోటు తప్పాయి, పొల్లులు ఎగిరిపోయాయి, కొన్ని చోట్ల అక్షరం పోయి చుక్కల వలయం మాత్రం మిగిలింది. ఆ పట్టికను, పక్కన పాత అచ్చుప్రతి పెట్టుకుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒక సభ్యురాలు ఒక వేసవి అంతా కూర్చుని సరిచూశారు. దాని గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడలేదు. సరిగ్గా చేసిన దిద్దుబాటు కంటికి కనిపించదు కదా.

కొత్తగా వృత్తిలోకి వచ్చినవారికి ఫారానికి (అచ్చులో ఒక్క కాగితం మీద కలిసి వచ్చే పేజీల సముదాయానికి) ఎంత అడగాలో ఫోనులో చెప్పి ధైర్యమివ్వడం, ఆడిట్ కోసం రసీదులను తేదీల వారీగా అంటించి ఇవ్వడం, మినిట్స్ పుస్తకం రాయడం, సభ ముగిశాక ఫ్యాన్లు ఆపి, తాళం చెవి అప్పగించి, అందరికన్నా చివర ఇంటికి వెళ్లడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

"వాలంటీరు" అనే మాట మీ కాగితాల్లో కనిపించదు. ఎందుకు?

మొదట్లో వాడాము. 2019లో రాష్ట్రంలో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ వచ్చి, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో ఇంటింటికీ తిరిగి పింఛన్ల వంటివి అందించిన వారికి ఆ పేరు స్థిరపడింది. ఆ తరువాత మా సభ్యులెవరైనా "నేను సంఘంలో వాలంటీరును" అంటే వినేవారు పింఛను సంగతి అడగడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి "స్వచ్ఛంద సేవకులు" అని రాస్తున్నాము. మాట కొంచెం బరువైనదే, కానీ తికమక లేదు.

సంపాదకులు తెర వెనుక ఉండే వృత్తివారు. పేరు కోరుకోనివారికి సన్మానం ఎందుకు?

ఈ ప్రశ్న మాకు ప్రతి ఏడూ వస్తుంది, అడిగేవారిలో చాలామంది సన్మానానికి అర్హులే కావడం విశేషం. దీనికి నెల్లూరులో కూర్చుని జవాబు చెప్పడం సులువు. 13వ శతాబ్దంలో ఇక్కడే మనుమసిద్ధి కొలువులో ఉండి మహాభారతంలోని 15 పర్వాలను తెలుగు చేసిన తిక్కన సోమయాజి పేరు ఎంత నిలిచిందో, ఆయన చెబుతుంటే రాసిన గురునాథుడి పేరూ అంతే నిలిచింది. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధ వార్త చెప్పే ఘట్టంలో తిక్కనకు పద్యం సాగక, "ఏమి చెప్పుదుం గురునాథా" అని తన లేఖకుడితో అన్నారనీ, గురునాథుడు దాన్ని పద్యపాదంగానే రాసుకుని, ధృతరాష్ట్రుణ్ణి పిలిచే "కురునాథా" అనే సంబోధనకు సంధిలో కకారం గకారమైందని చెప్పి చూపించారనీ తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. కథ నిజమో కాదో పండితులు చూసుకుంటారు. మాకు కావలసింది అందులోని సంగతి: కవి ఆగిపోయిన చోట, రాసుకునే మనిషి వ్యాకరణం తెలిసి, సందర్భం తెలిసి, పాఠాన్ని ముందుకు నడిపాడని తెలుగువారు గుర్తు పెట్టుకున్నారు. నేటి కాపీ ఎడిటరు చేసే పని అంతకన్నా వేరు కాదు.

దీనికి ఎదురు వాదం కూడా మన పక్కనే దొరుకుతుంది. గుడ్లూరు వాడని చెప్పుకునే ఎర్రన, నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తి చేసి, తనను ఆదరించిన అద్దంకి ప్రభువుకు కాక, నన్నయ ఎవరికి అంకితం చేశారో ఆ రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. అతుకు కనబడకుండా నన్నయ శైలిలో మొదలుపెట్టి, మెల్లగా తిక్కన దారికి తెచ్చారని చదువుకున్నవారు చెబుతారు. పేరు వెనక్కి పెట్టుకోవడంలో ఇంతకు మించిన మర్యాద లేదు. కాకపోతే తన పేరును వెనక్కి పెట్టుకోవడం ఎర్రన వినయం. ఆ పేరును మరిచిపోకుండా "కవిత్రయం" అని ముగ్గురినీ కలిపి చెప్పుకోవడం చదివినవారి బాధ్యత. మా సంఘం చేయదలచుకున్నది ఆ రెండో పని. వినయం సేవకుడిది కావచ్చు, మరుపు మాత్రం సంఘానిది కాకూడదు.

శాలువా, జ్ఞాపిక, పూలదండ ఉంటాయా?

శాలువా ఉంటుంది, ఎందుకంటే తీసేద్దామని ప్రతిపాదించినప్పుడు సర్వసభ్య సమావేశంలో చేతులు లేవలేదు. ఇంట్లో పెద్దవారు ఫోటోలో శాలువా చూడాలనుకుంటారని ఒక సభ్యుడు అన్న మాటకు ఎదురు చెప్పడం కష్టమైంది. పూలదండలు మానేశాము. పేరు చెక్కిన ప్లాస్టిక్ షీల్డుల బదులు ఉదయగిరి చెక్క గరిటెల పెట్టె ఇస్తున్నాము. నెల్లూరు జిల్లాలో చేతితో చెక్కే వస్తువు, పైగా వంటింట్లో రోజూ వాడుకోవచ్చు. షీల్డు బీరువా మీద దుమ్ము పట్టడం తప్ప చేసేదేమీ లేదు.

అసలు విలువ ప్రశంసాపత్రానిది. దాని విషయంలో మేము ఒకసారి తల దించుకున్నాము. ఒక ఏడాది, సుమారు పాతికేళ్లుగా ప్రూఫులు దిద్దిన ఒక పెద్దాయనకు ఇచ్చిన పత్రంలో ఆయన ఇంటిపేరులో ఒక ఒత్తు పోయింది. సంపాదకుల సంఘం, సంపాదకుడి పేరు, అందులో ముద్రారాక్షసం! ఆయన వేదిక మీదే పత్రాన్ని చూసి, చిన్నగా నవ్వి, జేబులోని ఎర్ర పెన్ను తీసి, ఒత్తు పోయిన చోట గుర్తు పెట్టి, మార్జినులో సరైన అక్షరం రాసి, కింద పొట్టి సంతకం చేసి కార్యదర్శికి తిరిగి ఇచ్చారు. హాలంతా నవ్వింది గానీ కార్యవర్గంలో ఎవరికీ ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ దిద్దిన పత్రాన్ని ఫ్రేము కట్టించి సంఘం గదిలో పెట్టుకున్నాము. అప్పటి నుంచి ప్రతి పత్రాన్నీ ఇద్దరు వేర్వేరుగా చదువుతారు, మూడోసారి పత్రం అందుకోబోయేవారే చదువుతారు. ఆశ్చర్యపరచాలన్న సరదాను దీనికోసం వదులుకున్నాము.

ప్రశంసాపత్రంలో ఏమి రాస్తారు?

"నిరుపమాన సేవలు అందించి, భాషామతల్లికి నీరాజనాలు పట్టి" వంటి వాక్యాలు రాయము. ఎవరి పేరు పెట్టినా సరిపోయే వాక్యం ఎవరినీ గౌరవించదు. ఏ పని చేశారు, ఎప్పుడు చేశారు, దాని వల్ల ఏది మారింది అన్న మూడు సంగతులూ ఉండి, ఆ మనిషికి తప్ప మరొకరికి అతకని విధంగా పత్రం ఉండాలన్నది మా నియమం.

వర్ణక్రమ పట్టిక ఉపసంఘం విషయమే తీసుకుందాము. "నీళ్లు" అని రాయాలా, "నీళ్ళు" అని రాయాలా అన్న ఒక్క ప్రశ్న మీద ఆ ఉపసంఘం వరుసగా కొన్ని ఆదివారాలు కూర్చుంది. రెండూ అచ్చులో ఉన్నవే, రెంటికీ పెద్దల మద్దతు ఉన్నదే. కానీ ఒకే పుస్తకంలో రెండూ కనిపిస్తే పాఠకుడి కన్ను తడబడుతుంది. చివరకు మామూలు మాటల్లో "ళ్ల" రాయాలనీ, వ్యక్తుల, సంస్థల పేర్లలో మాత్రం వారు రాసుకున్నట్లే ఉంచాలనీ తేల్చారు. అందుకే మా కాగితాల్లో "ఏళ్లు" అని ఉంటుంది గానీ, మన జిల్లా నుంచి వెళ్లి 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టిన రామస్వామిశాస్త్రులు గారి సంస్థ పేరు వచ్చినప్పుడు "వావిళ్ళ" అనే ఉంటుంది. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో టకారానికి వకారం ఒత్తుగా అతుక్కోకుండా మధ్యలో కంటికి కనబడని విడదీసే గుర్తు ఎక్కడ వాడాలో కూడా ఆ ఉపసంఘమే రాసిపెట్టింది. వారికిచ్చిన పత్రంలో "భాషా సేవ" అన్న మాటే లేదు. "ళ్ల, ళ్ళ వివాదాన్ని తేల్చి, సభ్యులందరూ వాడుకునే నియమంగా రాసి ఇచ్చినందుకు" అని ఉంది. అందుకున్నవారిలో ఒకరు దాన్ని పదేపదే చదువుకున్నారని విన్నాము.

ఎవరిని గౌరవించాలో ఎవరు నిర్ణయిస్తారు?

ఏ సభ్యులైనా మరొక సభ్యుని పేరు ప్రతిపాదించవచ్చు. ఎవరి పేరు వారు ప్రతిపాదించుకోకూడదు. ప్రతిపాదన ఒక పేజీకి మించకూడదు, అందులో విశేషణాలకన్నా క్రియలు ఎక్కువ ఉండాలి. కార్యవర్గంలో లేని ముగ్గురు సభ్యులు వాటిని చదివి ఎంపిక చేస్తారు. ఆ ముగ్గురిలో ఒంగోలు వైపు వారు ఒకరైనా ఉండాలి. ఇది ఊరికే పెట్టిన నియమం కాదు. సమావేశాలు ఎక్కువగా నెల్లూరులో జరుగుతాయి కాబట్టి, నెల్లూరు వారు చేసిన పని నెల్లూరు వారికి కనబడినంతగా, దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఒంగోలులో కూర్చుని చేసిన పని కనబడదు. జిల్లాల సరిహద్దులు మారినప్పుడు కూడా సభ్యత్వాన్ని గానీ, ప్రతిపాదించే హక్కును గానీ మార్చలేదు.

ప్రతిపాదనలు రాని ఏడు ఏమి చేస్తారని అడుగుతుంటారు. ప్రతిపాదనలు రాకపోవడానికి కారణం పని జరగకపోవడం కాదు, రాయడానికి బద్ధకం. అప్పుడు కార్యదర్శి మినిట్స్ పుస్తకం తిరగేసి, పనుల పక్కన ఉన్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఎంపిక చేసేవారికి ఇస్తారు.

కార్యవర్గ సభ్యులు ఈ గౌరవానికి అర్హులేనా?

పదవిలో ఉన్నంతకాలం కారు. దిగిపోయిన మరుసటి సంవత్సరం నుంచి అర్హులే.

ఇతర దేశాల్లో సంపాదకుల సంఘాలు ఏమి చేస్తున్నాయి?

1979లో ఫ్రీలాన్స్ సంపాదకుల సంఘంగా మొదలైన ఎడిటర్స్ కెనడా, తన స్వచ్ఛంద సేవకులకు అధ్యక్షుల పురస్కారం ఇస్తుంది. లీ డాన్జూ పేరిట సంవత్సరపు ఉత్తమ సేవకుని గుర్తింపు కూడా అక్కడ ఉంది. బ్రిటన్‌లో 1988లో ఏర్పడి, రాచరికం ఇచ్చే అధికార పత్రం (రాయల్ చార్టర్) పొందాక 2020 నుంచి చార్టర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడిటింగ్ అండ్ ప్రూఫ్‌రీడింగ్‌గా వ్యవహరిస్తున్న సంస్థ, కాపీ ఎడిటింగ్ మీద ప్రామాణిక గ్రంథం రాసిన జూడిత్ బుచర్ పేరిట పురస్కారం ఇస్తుంది. అవి పెద్ద సంఘాలు, వాటి పద్ధతులను ఉన్నవి ఉన్నట్లు తెచ్చుకోవడం మాకు కుదరదు. వాటిని చూసి మేము తీసుకున్నది ఒకటే: వృత్తిలో గొప్పగా పని చేసినందుకు ఇచ్చే గౌరవాన్నీ, సంఘానికి సేవ చేసినందుకు ఇచ్చే గౌరవాన్నీ కలిపేయకూడదు. గొప్ప సంపాదకులందరూ కుర్చీలు మోయరు, కుర్చీలు మోసినవారందరూ గొప్ప సంపాదకులు కానక్కరలేదు.

సేవకు డబ్బు ఇస్తారా? ఖర్చుల మాటేమిటి?

సేవకు డబ్బు ఇవ్వము. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘం తన ఆదాయాన్ని లాభంగా సభ్యులకు పంచుకోవడానికి లేదు. సేవ కోసం అయిన ఖర్చు మాత్రం తిరిగి ఇస్తాము: ఆర్టీసీ టికెట్టు, జిరాక్సు, కొరియరు, మధ్యాహ్న భోజనం. రసీదు తెచ్చిన వారం రోజుల్లో కోశాధికారి సొమ్ము చెల్లిస్తారు. "పోనీలెండి, వందా రెండొందలకు అడగడమేమిటి" అని మొహమాటపడేవారికి మా విజ్ఞప్తి ఒకటుంది. మీరు వదిలేస్తే, మీ తర్వాత వచ్చేవారు, ఆ రెండొందలు నిజంగా అవసరమైనవారు, అడగడానికి సిగ్గుపడతారు. దయచేసి తీసుకోండి, అక్కరలేకపోతే విరాళంగా తిరిగి ఇచ్చి రసీదు పొందండి.

ఇచ్చిన సమయానికి ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంటుందా అని కూడా అడుగుతారు. ఉండదు. అర్హత ఉన్న సంస్థకు సొమ్ము రూపంలో ఇచ్చిన విరాళానికే మినహాయింపు వర్తిస్తుంది, అందులోనూ 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే వర్తించదు.

స్వచ్ఛంద సేవ పేరుతో మా చేత ఉచితంగా ప్రూఫులు దిద్దిస్తారా?

దిద్దించము. సంఘం సొంత కాగితాలు, అంటే వార్షిక నివేదిక, ఆహ్వానపత్రం, వర్ణక్రమ పట్టిక, కార్యశాల పాఠాలు, ఇవి మాత్రమే సభ్యుల స్వచ్ఛంద సేవతో తయారవుతాయి. బయటి ప్రచురణకర్తగానీ, రచయితగానీ, కళాశాలగానీ సంఘాన్ని "మీ వాళ్లలో ఎవరినైనా సేవగా చూసి పెట్టమనండి" అని అడిగితే మర్యాదగా కాదంటాము. ఊళ్లో ప్రూఫులు దిద్ది ఇల్లు నడుపుకునేవారి సంఘమే ఆ పనిని ఊరికే చేసి పెడితే, రేపు వారికి కూలి ఎవరిస్తారు? సేవను గౌరవించడంలో దాని హద్దు గీయడం కూడా భాగమే. "తెలుగు తప్పులు చూడటమే కదా, అరగంట పని" అనేవారిని మీరందరూ చూసే ఉంటారు. ఆ అరగంట ఎన్ని రాత్రుళ్లో మనకు తెలుసు.

సేవ చేసిన గంటలు లెక్క రాసుకోవాలా?

ఒక సంవత్సరం ప్రయత్నించి మానుకున్నాము. నిజంగా పని చేసినవారు రాయడం మరిచిపోయారు. తీరిక ఉన్నవారు నిమిషాలతో సహా రాశారు.

సన్మాన సభ ఎప్పుడు, ఎక్కడ జరుగుతుంది?

ఐక్యరాజ్యసమితి డిసెంబరు 5ను అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినంగా 1985లో ప్రకటించింది కాబట్టి ఆ రోజే జరపాలని మొదట అనుకున్నాము. నెల్లూరులో ఉండేవారికి నవంబరు, డిసెంబరు నెలల సంగతి చెప్పనక్కరలేదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఏ వాయుగుండం ఎప్పుడు తీరం దాటుతుందో, ఏ వాగు రోడ్డెక్కుతుందో తెలియదు. ఒకసారి ఒంగోలు నుంచి బయలుదేరినవారు సగం దారిలో వెనుదిరగవలసి వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి అయిన ఆగస్టు 29 బాగుంటుందన్నారు గానీ, ఆ రోజు సభ్యులందరినీ బళ్లవారూ కళాశాలలవారూ ఉపన్యాసాలకు పిలుచుకుపోతారు. చివరకు మాతృభాషా దినమైన ఫిబ్రవరి 21 తరువాత వచ్చే ఆదివారానికి స్థిరపడ్డాము. వానలు ఉండవు, ఎండలు ముదరవు. ఒక ఏడు నెల్లూరులో, మరుసటి ఏడు ఒంగోలులో జరుగుతుంది. భోజనం విషయంలో రెండు ఊళ్ల వారికీ పోటీ ఉంది గానీ, దానిలో ఈ పేజీ జోక్యం చేసుకోదు.

నా పేరు, ఫోటో బయటికి రావడం ఇష్టం లేదు. అయినా గౌరవం స్వీకరించవచ్చా?

తప్పకుండా స్వీకరించవచ్చు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండి ఖాళీ వేళల్లో సంఘానికి సాయం చేసేవారు, ఒక పత్రికలో పని చేస్తున్న సంగతి మరొకరికి తెలియడం ఇష్టపడనివారు, అసలు ఫోటోలంటేనే పడనివారు మాలో ఉన్నారు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. అది రాక ముందు కూడా అడగకుండా ఎవరి ఫోటో వేయలేదు. అంగీకార పత్రంలో పేరు, ఊరు, ఫోటో అని మూడు గడులు విడివిడిగా ఉంటాయి. మీకు ఇష్టమైన వాటికే టిక్కు పెట్టండి. ఏదీ పెట్టకపోతే ప్రశంసాపత్రం ఇంటికి పంపుతాము, మినిట్స్ పుస్తకంలో మాత్రం పేరు ఉంటుంది.

పని మధ్యలో వదిలేసినవారిని గుర్తిస్తారా?

చేసినంత మేరకు గుర్తిస్తాము. వర్ణక్రమ పట్టికలో "క" నుంచి "ప" దాకా చూసి, ఇంట్లో అనారోగ్యం వల్ల ఆగిపోయినవారి పేరు "క నుంచి ప వరకు" అనే ఉంటుంది, తరువాతి అక్షరాలు చూసినవారి పేరు తరువాత ఉంటుంది. చివరన పూర్తి చేసినవారికే మొత్తం పేరు ఇచ్చే అలవాటు మన దగ్గర ఎక్కువ, దాన్ని మేము మానుకుంటున్నాము. మరణించినవారి విషయంలో కుటుంబసభ్యులను పిలిచి పత్రం ఇస్తాము. అయితే ఇందులో ఒక సంగతి ఒప్పుకోవాలి: బతికి ఉండగా ఇవ్వవలసిన పత్రాన్ని వారి అబ్బాయి చేతిలో పెట్టడం ఒకసారి జరిగింది, ప్రతిపాదన రెండేళ్లు ఫైలులో ఉండిపోయినందువల్ల. అందుకే ఇప్పుడు ఒక ఏడాది ఎంపిక కాని ప్రతిపాదనలను మరుసటి ఏడాది మొదట చదువుతారు.

ఈ ప్రశంసాపత్రం వృత్తిలో పనికి వస్తుందా?

కొంత వస్తుంది. చేసిన పనిని వివరంగా రాయడానికి అది కూడా ఒక కారణం. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్న ప్రచురణ సంస్థకు మీరు మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడు, "ఉత్తమ సేవకులు" అన్న బిరుదు వారికి ఏమీ చెప్పదు. "పాత ఫాంటులోని పట్టికను యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో సరిచూసినవారు" అన్న వాక్యం చాలా చెబుతుంది. సభ్యులు అడిగితే అదే సమాచారంతో కార్యదర్శి విడిగా ఒక లేఖ కూడా ఇస్తారు. పనిలో నాణ్యతకు సంఘం హామీ ఇస్తున్నట్లు మాత్రం ఆ లేఖలో ఉండదు.

పత్రంలోగానీ, జాబితాలోగానీ తప్పు దొర్లితే ఏమి చేయాలి?

ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, ఫోటో తీసి కార్యదర్శికి పంపండి. మొహమాటపడకండి, మన వృత్తే అది. సరిచేసిన కొత్త పత్రం నెల తిరగక ముందే అందుతుంది. పాతది మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఈ పేజీలో తప్పు కనబడినా అంతే. ఇక తప్పు రాకుండా చేయదలచుకుంటే, ప్రతిపాదన ఫారంలోని మొదటి గడిలో మీరు ప్రతిపాదిస్తున్నవారి ఇంటిపేరును, వారు ఎలా రాసుకుంటారో వారినే అడిగి, ఒత్తులతో సహా విడమరచి రాయండి.